ఓద్వార్ బాతుల కోటు

ఆ ఉత్తరాది చలిదీవిలో ఏప్రిల్ నుంచి జులై దాకా ఓద్వార్‌కి ఒకటే కోటు. సముద్రం మీంచి ఈడర్ బాతులు గట్టెక్కాయంటే ఆ మట్టిరంగు ఉన్నికోటు ఒంటిమీదికి ఎక్కేది. ఆఖరి పిల్ల నీళ్ళలోకి దిగేదాకా దిగేది కాదు. బట్టలు మారిస్తే బాతులు కొత్తమనిషనుకుని గూళ్ళొదిలి పారిపోతాయని ఆయన వాదన. ఇక ఆ కోటు వానకి తడిసేది, గాలికి ఆరేది, చేపల కంపూ గొర్రెల కంపూ వంతులేసుకుని పట్టేది. "ముందు కోటొస్తుంది, వెనకాల మా అన్నయ్యొస్తాడు" అనేది చెల్లెలు యోర్దిస్.

"ఆ మగబాతుల్ని చూడన్నయ్యా! తెల్లటి వీపు, మెడ మీద లేతాకుపచ్చ, పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. వాటి పక్కన నువ్వు!"

"పెళ్ళికొడుకులే! గుడ్లు పొదిగేవేళకి ఒక్కడూ కనపడడు. పొదిగే తల్లులది నా కోటు రంగే. నేను వాళ్ళ పార్టీ."

ఆ తల్లుల కోసం రాళ్ళతో, చెక్కలతో బుల్లి ఇళ్ళు కట్టి, ఎండు నాచు పరిచేవాడు. వాళ్ళు వెళ్ళిపోయాక గూళ్ళలో మిగిలే మెత్తటి ఈకలే ఆయన జీవనాధారం. రోజూ గుమ్మం గుమ్మానికీ వంగి, "బాగున్నావా తల్లీ?" అని గుసగుసగా అడిగేవాడు.

ఓ ఆదివారం చర్చిలో పాస్టరుగారు ముక్కు మూసుకుని, "దేవుడి ముందుకైనా మంచి కోటు వేసుకు రావచ్చుగా?" అన్నారు.

"దేవుడు నన్ను ఏ బట్టల్లోనైనా గుర్తుపడతాడండీ. బాతుకి ఆ శక్తి లేదు."

ఒక ఏడాది యోర్దిస్ దొంగతనంగా కోటు ఉతికేసింది. మర్నాడు ఓద్వార్‌ని చూసి ఏడు బాతులు గూళ్ళొదిలి లేచిపోయాయి. ఆయన కోటుని చేపలు ఎండబెట్టే దండెం మీద రెండు రోజులు వేలాడదీశాక గాని అవి తిరిగి రాలేదు. అన్నాచెల్లెళ్ళకి వారం రోజులు మాటల్లేవు.

ఈ ఏడాదీ ఆగస్టు వచ్చింది. బాతులన్నీ పిల్లల్తో సముద్రం మీదికి పోయాయి. యోర్దిస్ తొట్టినిండా వేడినీళ్ళు పెట్టి, "ఇలా ఇవ్వు కోటు" అంది.

"ఇంకా ఒక బాతుంది."

"ఎక్కడ?"

ఓద్వార్ చేపల పులుసు గిన్నె పట్టుకుని బయల్దేరాడు. యోర్దిస్‌కి అనుమానం వచ్చి వెనకే వెళ్ళింది. ఆయన ఆగింది రాగ్నా టీచరుగారి గుమ్మంలో. ఆ దీవిలో సగంమందికి అక్షరాలు నేర్పిన ఆ టీచరుకి ఈమధ్య మనుషులు గుర్తుండటం లేదు. పడవ మీద వచ్చే నర్సుకి తలుపు తీయడం లేదు. తీయకపోతే పట్నంలో వృద్ధాశ్రమానికి పంపాల్సి వస్తుందని నర్సు చెప్పి వెళ్ళింది. కిందటివారం యోర్దిసే రొట్టెలు పట్టుకెళ్ళి తలుపు తట్టి తట్టి తిరిగొచ్చింది.

ఓద్వార్ తట్టాడు. తలుపు జానెడు తెరుచుకుంది. ఒక ముక్కు బయటికొచ్చి కోటు వాసన పీల్చింది.

"నువ్వట్రా ఓద్వార్! రా. కాళ్ళు తుడుచుకో."

అరగంటకి ఖాళీ గిన్నెతో ఆయన బయటికొచ్చేసరికి చెల్లెలు నిలబడి ఉంది.

"ఇంట్లో చెప్తే నీ సొమ్మేం పోయింది అన్నయ్యా?"

"చెప్తే నువ్వు ఊరంతా చెప్తావు. ఊరంతా జాలిపడుతుంది. టీచరుగారికి జాలంటే ఒళ్ళుమంట."

యోర్దిస్ ఇంటికెళ్ళి తొట్టి నీళ్ళు పారబోసింది.

అక్టోబరులో ఓద్వార్ జ్వరంతో మంచమెక్కాడు. మధ్యాహ్నం యోర్దిస్ ఊపిరి బిగబట్టి, ఆ కోటు తొడుక్కుని, టోపీ కళ్ళదాకా లాగి, గిన్నె పట్టుకుని వెళ్ళింది. తలుపు జానెడు తెరుచుకుంది. ముక్కు వచ్చింది. తలుపు బార్లా తెరుచుకుంది.

"ఓద్వార్! ఇన్నాళ్ళకి గడ్డం గీసుకోవడం నేర్చుకున్నావన్నమాట!"

"అవునండీ టీచర్" అంది యోర్దిస్, గొంతు బొంగురు చేసి.