మేకు లేని బల్ల

ఆ శ్రావణ శుక్రవారం జెర్సీ సిటీలో నేను చేసిన ఘనకార్యం వింటే, మీ ఇంట్లో బల్లలు నన్ను గడప తొక్కనివ్వవు.

వరలక్ష్మీ వ్రతానికి కలశం ఎక్కడ పెట్టాలా అనుకుంటుంటే, అమ్మవారే పంపినట్టు ఎదురు ఫ్లాట్ చెన్ మామ్మ తన పాత చైనా బల్ల ఇచ్చింది. వాళ్లమ్మ పెళ్లికి తాతగారు స్వయంగా చేసిన బల్ల. "నో నెయిల్స్!" అని వేలు ఊపింది.

మేకు లేకుండా బల్ల ఎలా నిలుస్తుంది? నా చదువంతా ఇంట్లో నాన్నగారి దగ్గరే. సందేహం తీరకుండా లేవకూడదన్నది ఆయన మొదటి పాఠం. పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని బల్ల కింద దూరాను.

"ఏమోయ్, పదకొండుకి పేరంటాళ్లొస్తారు. అక్కడేం చేస్తున్నావ్?" అన్నారు మావారు.

"ఇటు చూడండి! చెక్కకి నాలుకలు చెక్కి, చెక్క నోళ్లలో పెట్టాడు మహానుభావుడు. అన్నిటికీ ఈ ఒక్క చెక్క చీలే తాళం."

"టచ్ చెయ్యకు."

"చిన్నగా తడతానంతే."

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. ఆ ఉత్తమం నాకెప్పుడూ అబ్బలేదు. అప్పడాల కర్రతో ఒక్కటి తట్టాను. చీల జారింది. ఒక కాలు ఊడింది. అది చూసి మిగతా మూడూ అలిగిన వియ్యాలవారిలా వరసగా లేచి వెళ్లిపోయాయి. పైపలక నా వీపు మీద దిగింది. కాసేపు నేనే బల్లనయ్యాను.

"జిగురు తేనా?"

"ఆవిడ అమ్మ జ్ఞాపకమండీ, జిగురేమిటి! నేనే వెళ్లి చెప్తాను."

మామ్మ వచ్చి, పన్నెండు ముక్కలనూ చూసి, నేల మీద కూలబడింది. నా ప్రాణం కూడా ఆవిడ పక్కనే కూలబడింది. తర్వాత ఆవిడ ఒక నాలుకను ఒక నోట్లో పెట్టి చూసింది.

"నాట్ దిస్."

"ఇదా మామ్మా?"

"ఎస్, ఎస్!"

దేవుడి దయ, ఆ తాతగారి చేతి చలవ, గంటలో బల్ల లేచి నిలబడింది. ఊపి చూశాను. కొండ! వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, "సారీ మామ్మా, మళ్లీ ముట్టను" అన్నాను.

ఆవిడ బల్ల వంక చూసింది, నా వంక చూసింది. మెల్లగా నా చేతిలో అప్పడాల కర్ర అందుకుంది.

"తాత నన్నెప్పుడూ కింద చూడనివ్వలేదు" అంది తన ఇంగ్లీషులో. "డెబ్భై ఏళ్ల కోరిక!"

ఠక్!

పేరంటాళ్లు వచ్చేసరికి మామ్మా నేనూ ముక్కల మధ్య కూర్చుని, ఏ కాలు ముందని వాదించుకుంటున్నాం. ఆ ఏడు మహాలక్ష్మి అట్టపెట్టె మీదే కొలువుతీరింది. ఆ తల్లి ఎదుట చెంపలేసుకుని ప్రమాణం చేశాను: పరుల బల్లను ఒంటరిగా విప్పను గాక విప్పను. సొంతదారును పిలిచే విప్పుతాను.