చెప్పులు వేసుకునే రండి

మొన్న మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విప్పి లోపల అడుగు పెట్టగానే అరికాళ్ళు జిల్లుమన్నాయి. ఏసీ చల్లదనానికి తోడు, వెనకనుంచి వరసగా విప్పిన చెప్పుల వాసన. నాకు ఎస్తేరు మేడమ్ గుర్తొచ్చారు. ఇన్నేళ్ళైనా ఆవిడ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మండపేటలో డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మా ల్యాబ్ ఇన్‌ఛార్జి. రైస్‌మిల్లుల దుమ్ము ఊరంతా ఎగిరేది కాబట్టి ల్యాబులోకి చెప్పులు నిషిద్ధం. మేము కంప్యూటర్ల ముందు ఒద్దికగా, దేన్నీ గట్టిగా తాకకుండా కూర్చునేవాళ్ళం. ఒక సోమవారం వెళ్ళేసరికి మేడమ్ చెప్పులతోనే లోపల తిరుగుతున్నారు.

"విప్పకండమ్మా, వేసుకునే రండి. ఇది గుడీ కాదు, మా చర్చీ కాదు" అన్నారు.

కంప్యూటర్లలో అంతా మారిపోయి ఉంది. ఎవరో ఇచ్చిన పాత సిస్టమ్ దొంగ కాపీలు తీసేసి లినక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కించారట. అది ఉచితమట, ఎవరైనా లోపలంతా తెరిచి చూసుకోవచ్చట, మార్చుకోవచ్చట. మాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"మేడమండీ, సి డ్రైవ్ ఏదండీ?" అని అడిగాను.

"లేదమ్మా."

"మరి మన ఫైళ్ళెక్కడుంటాయండీ?"

"నాకూ ఇంకా సరిగ్గా తెలీదు. చూద్దాం రా."

టీచరు నోట తెలీదన్న మాట వినడం అదే మొదలు. నాకు భయం వేసింది. ప్రాక్టికల్ పరీక్షల్లో పిల్లలు తడబడితే పాతదే పెట్టిస్తాననీ, ల్యాబ్ ఇంకొకరికి ఇస్తాననీ ప్రిన్సిపాల్ గారు అప్పటికే ఆవిడతో అనేశారు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

ఆ వారంలోనే కీబోర్డు మీద ఏదో కొట్టి ఒక కంప్యూటర్ లేవకుండా చేశాను. తిడతారని తల వంచుకు నిలబడ్డాను. మేడమ్ నన్ను పక్క కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

"దీన్ని కూడా అలాగే పాడుచెయ్యి. ఎలా పాడైందో తెలియాలిగా" అన్నారు.

వేళాకోళమో, నిజమో తెలియలేదు. దాన్నీ అలాగే పాడుచేశాను. సాయంత్రానికి ఇద్దరం కలిసి రెండింటినీ లేపాం. అంత సంతోషం నాకు ఏ మార్కులూ ఇవ్వలేదు.

ప్రాక్టికల్స్‌కి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నన్ను ఏదో అడిగారు. "తెలీదండి, చూసి చెప్తాను" అని అక్కడికక్కడే వెతికి చెప్పాను. మార్కులు బాగానే వేశారు. కానీ వెళ్ళేముందు ప్రిన్సిపాల్ గారితో, "మీ పిల్లలకి ఒక్క జవాబూ నోటికి రాదండి. ఎవర్నడిగినా తెలీదు, చూసి చెప్తామంటారేంటండీ?" అన్నారట. సెలవులయ్యేసరికి పాత సిస్టమే తిరిగొచ్చింది. ల్యాబ్ వేరే సార్ చేతికి వెళ్ళింది.

మేము నేర్చుకున్నామో, ఆవిణ్ణి ముంచామో నాకు పాలుపోలేదు.

తర్వాత ఒకరోజు మేడమ్ ఏదో పనిమీద ల్యాబుకు వచ్చారు. గుమ్మంలో వంగి చెప్పులు విప్పి, మా చెప్పుల వరసలో పెట్టారు.

"అదేంటండీ, మీరు కూడానా?" అన్నాను.

"ఇప్పుడిది సార్‌గారి ల్యాబమ్మా" అని నవ్వారు.

ఆవిడ ఎందుకు పోట్లాడలేదో ఇప్పటికీ తెలియదు. ఆ చెప్పుల్ని చూస్తే మాత్రం నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నేను పనిచేసే కాలేజీలో ల్యాబ్ ఇన్‌ఛార్జిని నేనే. మొన్న ఒకమ్మాయి స్క్రీన్ చూపించి, "ఇలా ఎందుకొస్తోందండీ మేడమ్?" అంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోబోయి ఆగాను.

"నాకూ తెలీదమ్మా, చూద్దాం" అన్నాను.

ఆ పిల్ల బిత్తరపోయి నా మొహంలోకి చూసింది. ఎస్తేరు మేడమ్‌ని నేనూ అలాగే చూసేదాన్ని. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. చెప్పుల్లేని కాళ్ళు మాత్రం ఇంకా చల్లగానే ఉన్నాయి.