బెండుతో మాట్లాడిన బావ

మా బావకు, అంటే మా అక్క మొగుడికి, వేట కోటు ఒకటి ఉంది. ఖాకీది, దాదాపు మోకాళ్ళ దాకా వస్తుంది. ఛాతీ మీద తూటాలు పెట్టుకునే గూళ్ళు వరసగా కుట్టి ఉంటాయి. వాళ్ళ నాయనది. ఆయన కొండవీడు చుట్టుపక్కల తుప్పల్లో కౌజు పిట్టల్నీ కుందేళ్ళనీ కొట్టేవాడట. ఆ రోజులు పోయాయి, ఇప్పుడు కుందేలు మీద చెయ్యి వేస్తే కేసు. తుపాకీని ఏదో ఎలక్షన్లప్పుడు స్టేషన్లో అప్పజెప్పి మళ్ళీ తెచ్చుకోలేదు, కోటు మాత్రం మిగిలింది. పల్నాటి ఎండలో మా బావ ఆ కోటు తొడుక్కుని ఆదివారం పూట చేపలు పట్టటానికి బయల్దేరతాడు. తూటాల గూళ్ళలో గాలపు ముళ్ళ పొట్లం, చిన్న కత్తెర, గ్యాసు మాత్రలు, రెండు పల్లీ ఉండలు ఉంటాయి.

"ఇంత ఎండలో కోటేంది బావా, చేపలు నిన్ను గుర్తుపడతాయనా?" అని అడిగితే, "వేటంటే దానికొక పద్ధతుందిరా" అంటాడు.

నా సామాను గురించి కూడా చెప్పకపోతే ఆయన ఊరుకోడు. నాకు నరసరావుపేటలో మందుల షాపు ఉంది. మడిచి పెట్టుకునే గాలపు కర్రలు, రీళ్ళు, మడత కుర్చీ, చేపను నీళ్ళలోంచి ఎత్తటానికి పొడుగు పిడి ఉన్న వల, అన్నీ ఫోన్లో బుక్ చేసి తెప్పించినవే. ఎర నేనే కలుపుతాను. తవుడు, వేరుశనగ చెక్క, మైదా, కాస్త సోంపు పొడి. ఏది ఎంతో షాపులోనే తూచుకుంటాను. "కూరలో ఉప్పు సరిపోయిందా అంటే తెలవదంటాడు, చేపలకు మాత్రం డోసు ప్రకారం ఏస్తాడు" అని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఎర, కర్రలు నావి. బండి బావది. నాకు బండి నడపటం రాదు, నేర్చుకుంటానంటే ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. పైగా మా అక్కా, మా ఆవిడా కలిసి ఒక చట్టం చేశారు. కాలవ గట్టుకు ఎవరూ ఒక్కళ్ళే పోకూడదు, పోతే ఆ పూట అన్నం లేదు. అందుకని ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం పొద్దున బావ మా వీధిలోకొచ్చి హారన్ కొడతాడు, నేను కర్రల సంచీ భుజానేసుకుని వెనక కూర్చుంటాను. రొంపిచెర్ల దగ్గర ఆయన మిరప చేను పక్కనే సాగర్ కాలవ. అక్కడ మేం పట్టినవి లెక్కకు తక్కువే గానీ, తప్పించుకుపోయినవాటి గురించి మాత్రం గంటలు గంటలు చెప్పగలం.

అసలు గొడవ ఆ తప్పించుకుపోయినవాటిలో ఒకదాని వల్లే వచ్చింది. దసరా వెళ్ళాక ఒక ఆదివారం నా గాలానికి పెద్ద బొచ్చె చేప తగిలింది. కర్ర వంగి నీళ్ళకు ఆనుతోంది. "బావా, వల!" అని అరిచాను. వల ఆయన పక్కనే ఉంది. ఆయన చేతిలోకి మాత్రం ఫోన్ వచ్చింది. వీడియో తీస్తున్నాడు. చేప ఒక్క గుంజు గుంజింది, దారం తెగింది, నేను వెల్లకిలా బురదలో పడ్డాను. నన్ను లేపటానికి చెయ్యి ఇవ్వాల్సినవాడు అదంతా పూర్తిగా తీసుకుని, ఇల్లు చేరకముందే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వుతూ ఏడ్చే బొమ్మలు వరసగా పెట్టింది.

నేను ఊరుకోలేదు. సాయంత్రం వాళ్ళింటికెళ్ళి, "చేతిదాకా వచ్చిన చేపను ఎత్తలేనోడివి నువ్వు. మీ నాయన వేటగాడంటే నేను నమ్మను" అన్నాను. మా బావ మొహం మాడిపోయింది. "నా నాయన్నంటావా?" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవు గానీ ఆదివారాలు ఉన్నాయి కదా. నేను లేకుండా ఆయనకు ఎర లేదు, ఆయన లేకుండా నాకు బండి లేదు, ఇద్దరం కలిసి పోకపోతే అన్నం లేదు. ఆ తర్వాతి ఆదివారం మామూలుగానే హారన్ మోగింది. నేను వెనక కూర్చున్నాను. ఇద్దరం రొంపిచెర్ల దాకా నోరు విప్పలేదు.

మా వైపు మాటల్లేనివాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడరు, గోడతోనో గేదెతోనో మాట్లాడతారు. మా బావ నీళ్ళ మీద తేలే గాలపు బెండును ఎంచుకున్నాడు. "ఎవరి ఎరో గట్టిగా అయినట్టుంది, చేపలకు పళ్ళు నొప్పులంట" అని బెండుతో చెప్పేవాడు. నేను రీలుతో, "కొంతమందికి కోటులో చెమట పట్టి బుర్ర పనిచెయ్యట్లా" అనేవాణ్ణి. టీ పోసి ఫ్లాస్కు మా ఇద్దరి మధ్య పెట్టి, "చల్లారితే ఎవరూ తాగరు" అని ఆయన కాలవకు చెప్పేవాడు. నేను తాగేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మేం మామూలు కన్నా ఎక్కువే మాట్లాడుకున్నాం.

ఇట్లాగే గడిచిపోయేది. కానీ మాఘంలో మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది.

ఆ పిల్ల నా చేతుల్లో పెరిగింది. దానికి ముల్లుకు దారం కట్టటం నేర్పింది నేనే. వానపామును చూసి ఏడవని ఆడపిల్ల మా ఇళ్ళల్లో అదొక్కతే. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకుపోతారు కదా, అందులో ముందు పట్టు సొంత మేనమామది, అంటే నాది. అది పుట్టినప్పటి నుంచీ ఆ పట్టు నాదేనని నేను ఎవరికీ చెప్పకుండానే అనుకుంటూ ఉన్నాను.

అయితే పిలవాలి కదా. అక్క ఒక్కతే శుభలేఖ పట్టుకుని మా ఇంటికొచ్చింది. మా ఆవిడకు బొట్టు పెట్టి పిలిచింది. "బావ రాలేదేంది?" అన్నాను. "మిరపకాయల కోతలు కదరా" అంది, నా మొహం చూడకుండా. పిల్ల తండ్రి నోటితో పిలవని పెళ్ళికి మేనమామ ఏ మొహంతో పోతాడు? నేను రానన్నాను. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని పోయింది. ఆ తర్వాత పిల్ల ఫోన్ చేసి, "నువ్వు రాకపోతే గంపా గింపా ఏం వద్దు మామయ్యా, నడిచే పోతా" అంది. ముందు పట్టుకు మా పెద్దమ్మ కొడుకును అడుగుతున్నారని కూడా తెలిసింది. నాకు కడుపు మండిపోయింది. వాడికి ఆ పిల్లకు ఏం చదువో కూడా తెలియదు.

పెళ్ళికి ముందు ఆదివారం బండి హారన్ మోగింది. ఇంటినిండా పెళ్ళి పనులు పెట్టుకుని మనిషి చేపలకు వస్తాడా అనుకున్నాను. అయినా సంచీ తీసుకుని వెనక కూర్చున్నాను.

గట్టు మీద కాసేపయ్యాక ఆయన బెండుతో, "మేనమామలకు పట్టు పంచెలు తీశారంట. నడుం కొలత తెలవక పెద్దయి తీశారంట" అన్నాడు. నేను రీలుతో, "పంచెలు పిలిచినోళ్ళకు పెడతారు" అన్నాను. ఆయన గాలం లాగి, ఎర మార్చి మళ్ళీ వేశాడు.

అప్పుడు ఆయన బెండు మునిగింది. మామూలు మునగటం కాదు, కర్ర చేతుల్లోంచి జారిపోబోయింది. ఆయన లేచి నిలబడి రీలు తిప్పుతూ, "ఎవరన్నా వల అందిస్తే బావుణ్ణు!" అని నీళ్ళతో అన్నాడు. నేను కదల్లేదు. అవతల గట్టు మీద గేదెలున్నాయి, వాటితో అని ఉండొచ్చు.

"ఒరేయ్ బామ్మర్దీ! నిన్నేరా! వల పట్టరా!"

వల తీసుకుని నీళ్ళ అంచుకు దిగాను. చేప దగ్గరికొచ్చేసింది. నీళ్ళలో దాని పక్క తెల్లగా మెరిసింది. మేం ఇన్నేళ్ళలో చూసినవాటన్నిటి కన్నా పెద్దది. వల ముంచకుండా పైకెత్తి పట్టుకున్నాను.

"పెళ్ళికి పిలువు."

"ఇప్పుడా!"

"ఇప్పుడే. నోటితో పిలువు."

ఆయన తిడతాడు, నేను నవ్వి చేపను ఎత్తుతాను, ఇంటికి పోతాం అనుకున్నాను. ఆయన రీలు తిప్పటం ఆపేశాడు. కర్ర కిందికి దించాడు. దారం వదులైంది, చేప తల విదిలించుకుని వెళ్ళిపోయింది. ఆయన నీళ్ళవైపు చూడనైనా లేదు.

"ప్రతి ఆదివారం పిలుద్దామనే వస్తన్నానురా" అన్నాడు. "బండి మీద నువ్వు ఎనకమాల కూచుంటావు, మొహం కనపడదు. ఇక్కడికొచ్చినాక మొహం చూస్తే నోరు రాదు. పిలిచినాక నువ్వు రానంటే, పిల్లకు ఏం చెప్పేది నేను?"

నాకు ఏడుపొచ్చింది. ఎండకు కళ్ళు మండుతున్నాయన్నాను. ఆయన నమ్మినట్టే ఊరుకుని, కోటు గూట్లోంచి పల్లీ ఉండ తీసి చేతిలో పెట్టాడు. దానికి గాలపు ముల్లు ఒకటి అంటుకుని ఉంది, తీసేసి తిన్నాను.

"మీ నాయన మంచి వేటగాడే బావా" అన్నాను.

"ఆ సంగతి నువ్వు చెప్పేదేంది" అన్నాడు. "పెళ్ళికి రా."

పెళ్ళి రోజు గంప ముందు పట్టు నేనే పట్టాను. బరువు తెలియలేదని రాస్తే బాగుంటుంది గానీ, ఆ పిల్ల బాగా బరువు. ఎత్తగానే నడుం కలుక్కుమంది. సాయానికి ఇటువైపు రాబోయిన పెద్దమ్మ కొడుకును ఒక్క చూపుతో వెనక్కి పంపాను. హాలు నిండా జనం, కుర్చీలు, వీడియోవాళ్ళ వైర్లు. మా బావ పిల్ల తండ్రిగా మండపంలో కూర్చోవాల్సినవాడు, పంతులుగారు పిలుస్తున్నా వినకుండా కిందికి దిగొచ్చి, మాకు ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ జనాన్ని జరుపుతున్నాడు. పెళ్ళికూతురు వస్తోంది అని కదా ఎవరైనా అనాల్సింది.

"జరగండి, జరగండి, దారియ్యండి" అని మా బావ హాలంతా వినపడేట్టు అరుస్తున్నాడు, "మా బామ్మర్ది వస్తన్నాడు!"