ముందు నాది తియ్యండి

కాట్వైక్ రేవులో హెరింగ్ చేపలమ్మే క్లాజీనాకు నలభై దాటాయి. ఆమె తల్లి యాభై నిండకుండానే, చేపలు కోస్తూ కోస్తూ బల్ల మీదికి ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లింది. ఆ ఊళ్లో కొన్ని కుటుంబాలకు తరతరాలుగా దిగుతున్న జబ్బు అది. కన్నవాళ్లలో ఒకరికుంటే బిడ్డకు రావడానికీ రాకపోవడానికీ సగం సగం. మందు లేదు. జన్యు పరీక్ష మాత్రం ఉంది. క్లాజీనా దాని జోలికి పోలేదు.

అయినా ఏటా వసంతంలో డాక్టర్ ఒడీలియా పిలిస్తే లైడెన్ వైద్య కళాశాలకు వెళ్లేది. పరీక్షకు ముందు మనిషితో ఎలా మాట్లాడాలో విద్యార్థులు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్చుకునేవారు.

ఆ ఏడు కూతురు ఫెమ్మా కూడా వెంటవచ్చింది. రూట్‌గర్ అనే కుర్రాడి వంతు. అతను నోరు విప్పేలోగా ఫెమ్మా కుర్చీ ముందుకు లాక్కుంది.

"అమ్మకి వద్దు. నాకు కావాలి. చేయించుకోవచ్చా?"

క్లాజీనా చటుక్కున కూతురి వైపు తిరిగింది.

"పద్దెనిమిది నిండాయిగా, మీ ఇష్టం. ఎవరూ ఆపలేరు," అన్నాడు రూట్‌గర్. అనేశాక మొహం పాలిపోయింది. తండ్రి వైపు ఈ జబ్బు లేదు. కూతురికి ఉందని తేలితే తల్లికీ ఉన్నట్టే. డాక్టర్ వైపు చూశాడు. ఆమె కానివ్వమన్నట్టు తలూపింది.

"మరి... ఫలితం చెడ్డదైతే అమ్మ దగ్గర దాచగలరా?"

"దాచడమా! నేను మెట్లెక్కే చప్పుడు వింటే చాలు, బళ్లో మార్కులు తగ్గాయని పట్టేసేది."

ఎవరో నవ్వారు. క్లాజీనా నవ్వలేదు.

"ఇంతమందిలోనా చెప్పేది?"

"ఇంట్లో ఎత్తితే లేచి వెళ్లిపోతావు. ఇక్కడైతే కూర్చుంటావు. నువ్వు తల పట్టుకున్నప్పుడల్లా నా ప్రాణం పోతోందమ్మా. ఏదో ఒకటి తేలిపోనీ."

తన ఫలితంలో ఇద్దరి కబురూ మోసుకుని ఆ పిల్ల మెట్లెక్కుతున్నట్టు కళ్లకు కట్టింది క్లాజీనాకు. చొక్కా చెయ్యి పైకి మడిచింది.

"డాక్టరమ్మా, ముందు నాది తియ్యండి. నాకు లేకపోతే దీనికి పరీక్షే అక్కర్లేదు."

"ఇవాళ తియ్యను. ఇంటికెళ్లి ఆలోచించుకో."

"ఆలోచిస్తే మానేస్తాను."

"మానేస్తే మానెయ్. ఎవరూ ఏమీ అనరు."

మానలేదు. ఎండాకాలం మొదట్లో వెళ్లి నెత్తురిచ్చి వచ్చింది. ఫలితం చెప్పిన రోజు తల్లీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. జబ్బు ఉంది. బస్సెక్కి ఇంటికొచ్చారు. ఇంటి తలుపు తీస్తుండగా ఫెమ్మా అంది.

"నాది ఇప్పుడే వద్దులే అమ్మా. నేను భయపడింది నీ గురించేనేమో."

"ఆ మాట అప్పుడే ఏడవకపోయావా!" అని కసిరి, గడప మీదే కూలబడి ఏడ్చింది క్లాజీనా. ఫెమ్మా పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

మళ్లీ వసంతంలో క్లాజీనా కళాశాలకు వెళ్లింది. కొత్త విద్యార్థి ఒకడు బెరుగ్గా అడిగాడు, తెలుసుకున్నందుకు బాధపడుతున్నారా అని.

"పొద్దున అడిగుంటే అవుననేదాన్ని. ఇప్పుడు కాదు. రేపు ఏమంటానో నాకే తెలీదు బాబూ. రాసుకో," అంది.