వన్ టౌన్ నుంచి మధురవాడ లాంగ్వేజ్ ల్యాబ్ దాకా: నోరు విప్పని మూడు నిమిషాలు

నేను చేపలమ్ముకునేదాన్ని, నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే ఇంటర్నెట్ సెంటర్ అమ్మాయి టైపు చేస్తోంది. మాటలు సరిదిద్దమన్నాను, సంగతి మార్చవద్దన్నాను. నా మనవరాలు దుర్గ మధురవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ కాలేజీలో లాంగ్వేజ్ ల్యాబ్ అని కొత్తగా ఒక గది పెట్టారు. చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కంప్యూటర్ అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబితే అది రికార్డు చేసుకుంటుంది. పిల్లలకు మాట్లాడడం నేర్పే గది అన్నమాట. అందులో దుర్గకు సున్నా వచ్చింది. ఆ పరీక్ష మళ్లీ ఇవ్వడానికి ఒక శుక్రవారం ఆఖరు రోజు. అదీ పోతే కంపెనీల ఇంటర్వ్యూలకు కూర్చోనివ్వరు. ఎందుకు మాట్లాడలేదే అంటే నాకూ చెప్పదు. ఇంట్లో రోజంతా వాగే పిల్లకు సున్నా ఎవరు వేశారో చూద్దామని ఆ శుక్రవారమే బయలుదేరాను.

వన్ టౌన్‌లో పదకొండింటికి బస్సెక్కి, కాంప్లెక్స్ బస్టాండులో దిగి మధురవాడ బస్సు మారాను. ఎండలో గంటన్నర పైనే పట్టింది. అక్కడి నుంచి కాలేజీ దాకా షేర్ ఆటో, ఐదు రూపాయలు.

"సేపల గంప లేదు కదా మామ్మా? వాసనేత్తే ఇంకెవులూ ఎక్కరు" అన్నాడు ఆటో అతను.

"గంపుంటే నీ ఆటో ఎందుకెక్కుతాన్రా? నీకే రెండు సేపలమ్మేసి నడిసెలిపోదును" అన్నాను. ఆ రోజుకు నవ్వు అదొక్కటే.

ల్యాబ్ మేడమ్ మర్యాదస్తురాలే. కుర్చీ వేసి, దుర్గ పాత రికార్డింగు వినిపించింది. కంప్యూటర్ ఏదో అడిగింది. తర్వాత మూడు నిమిషాలూ పిల్ల ఊపిరి, అంతే.

"ఏటడిగింది మీ యంత్రం?"

"వాళ్ల నాన్నగారి గురించి చెప్పమంది, మామ్మగారూ."

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. మగవాడు సముద్రం మీద చేపల వేటకు వెళితే, తిరిగి ఒడ్డెక్కేదాకా అతని ఊసు ఎత్తకూడదు. ఎత్తితే మనిషి రాడని మా అత్త చెప్పింది. నా కొడుకు బోటు మీద వెళితే వారం పది రోజులు. ఆ పరీక్షనాడు సముద్రం మీదే ఉన్నాడు, నేను కాలేజీకి వెళ్లిన రోజూ అక్కడే ఉన్నాడు. మూడేళ్లప్పుడు ఈ పిల్ల "నాన్నేడీ" అంటే మూతి మీద కొట్టి నేర్పింది నేనే.

"పెశ్న మార్సండి. సముద్రం గురించడగండి, సేపల గురించడగండి. మీ యంత్రం సాలు సాలనేదాకా సెబుతాది."

"ప్రశ్నలు సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చాయండి, మార్చడం మా చేతుల్లో లేదు. నాలుగింటిదాకా కూర్చోనిస్తాను."

మేడమ్ దుర్గను పిలిపించి లోపల కూర్చోబెట్టింది. నేను అద్దం బయట నిలబడ్డాను. పిల్ల పెదవులు కదలలేదు. అద్దం మీద కొట్టాను. చెవులు మూసుకున్న పిల్లలు, ఒక్కరూ తిరగలేదు. లోపలికి వెళ్లి హెడ్‌ఫోన్స్ లాగేశాను.

"సెప్పీయే గుంటా! నాను సెబుతన్నాను కదా, ఏటీ అవదు."

"నాన్న ఒడ్డుకి రానీ మామ్మా. అప్పుడు సెబుతాను."

"ఏటీ అవదంటన్నాను కదే!"

"అవుతాదని నువ్వే కదా కొట్టావు."

నాలుగింటికి మేడమ్ తలదించుకుని కంప్యూటర్లు ఆపేసింది. తిరుగు బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. నా కొడుకు ఆదివారం పొద్దున్న ఒడ్డెక్కాడు, ఎప్పటిలాగే. క్లాసువాళ్లు ఇంటర్వ్యూలకు వెళ్లిన రోజు దుర్గ ఇంట్లో నాతో కూర్చుని ఎండుచేపలు ఏరింది.

ఆ గదిని తిట్టడానికి వెళ్లినదాన్ని నేను. ఇప్పటికీ తిడతాను. మాట్లాడడం నేర్పేవాళ్లు, పిల్ల ఎందుకు మాట్లాడలేదో ఒక్కసారి అడగాలి కదా? కానీ యంత్రం మూడు నిమిషాలే మౌనంగా కూర్చోబెట్టింది, నేను పదహారేళ్లు కూర్చోబెట్టాను. ఏది పెద్ద తప్పో మీరే తేల్చండి. మీ పిల్లలకూ ఇలాంటి పరీక్ష ఉంటే తేదీ ముందే కనుక్కోండి. ఆ రోజు మీ మగవాళ్లను వేటకు పంపకండి.