బొట్టు కింది అక్షరం

కూర్చోమ్మా చిన్నీ. ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, నన్ను మంచిదాన్ని చేసి రాయొద్దు. ఇన్నేండ్లుగా ఇది గొంతులో ముల్లు మాదిరి ఉండాది. మీ తాతకు కూడా చెప్పలేదు.

బంగారు గనులు మూసేసినాక తాతకు పని పోయింది. నేను శ్రీనివాసపురంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో స్టోర్సు చూసే పనికి చేరినాను. మన ఆండర్సన్‌పేట మునిరత్నం కూడా అదే బస్సులో వచ్చేవాడు. గుజ్జు ఉడికించే మిషను ఆయనది. నన్ను అక్కా అనేవాడు.

ఆ మిషను కంట్రోలు పెట్టెలో ఒక కార్డు ఉండేది. లోపల వేడి ఎంతుందో ఒక తీగ చెప్తే, దాన్ని బట్టి ఆవిరిని తెరిచేది, మూసేది. సీజను నడుమ అది కాలిపోయింది. గేటు బయట కాయల లారీలు నిలిచిపోయినాయి. బెంగళూరు నుంచి కొత్త కార్డు వచ్చింది. పాతదాని పక్కన పెట్టి నంబరు చివరి అక్షరం దాకా సరిచూసి ఇవ్వడం నా పని. చివరి అక్షరం వేరే అయినా కార్డు అదే గాడిలో కూర్చుంటుంది, కానీ మన తీగ చెప్పే వేడి దానికి తప్పుగా తెలుస్తుంది. నాకు తెలియకనా?

గనుల్లో కొత్త సామాను వస్తే ముందు బొట్టు పెట్టేవాళ్లు. ఆ అలవాటుతో డబ్బా విప్పుతూనే కుంకుమ పెట్టేసినాను. సరిగ్గా చివరి అక్షరం మీద.

"అక్కా, ఆఖరి అక్షరం కనపడలేదే. చూసినావా?"

"చూడకుండా ఇస్తానాప్పా? గనులోళ్ల ఇంటిదానికి నువ్వు నేర్పిస్తావా? పో, లారీలోళ్లు నిన్నే తిడతా ఉండారు."

"సరేలే, నీ బొట్టుకు భయపడైనా నడుస్తాది" అని నవ్వుకుంటా పోయినాడు.

నేను చూడలేదు. పెట్టిన బొట్టు చెరపడానికి చెయ్యి రాలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. అడిగినాడని రోషమొచ్చింది, అంతే.

చివరి అక్షరం వేరేదే. కార్డు వేడిని తక్కువగా చూపించింది. ఆవిరి ఆగలేదు. మూత తీస్తూనే గుజ్జు ఎగిరి ఆయన కుడిచేతి మీద పడింది. ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయినారు. ఇంజనీరు వచ్చేలోపల నేను కార్డు ఊడబెరికి, కొంగుతో బొట్టు తుడిచేసినాను. అది నా చేతి మీదుగానే పోయిందని ఆ బొట్టే చెప్పేస్తాది కదా. "నేనింకా సరిచూడనే లేదు సార్, తొందరపడి ఆయనే తీసుకుపోయినాడు" అన్నాను. నమ్మినారు. ఆయన్ను పనిలోంచి తీసేసినారు.

ఇప్పుడు మన వీధి చివర సోడా అంగడి ఆయనదే. కుడిచేతి వేళ్లు మూసుకోవు. సోడా ఇచ్చేటప్పుడు, "ఎడమచెయ్యి, ఏమనుకోవద్దక్కా" అంటాడు. నాతో అంటాడు! నేను చెప్పిన అబద్ధం ఆయనకు తెలియదా? తెలిసే అక్కా అంటాడా? యాడ అడిగేది, ఏ మొగం పెట్టుకుని?

చెప్పేసినాను. గొంతు కొంచెం తేలికైంది. తప్పు అట్లే ఉండాది.

ఇంగ ఇది కూడా రాయి. రేపు సోడాకు నువ్వు పోవద్దు, నేనే పోయి ఆయన ముందర నిలబడి, ఆ బొట్టు తుడిచింది...

"అత్తా! సంగటి చల్లారిపోతా ఉండాది, లేచి రా!"

వస్తా ఉండానమ్మా. చిన్నీ, మీ అమ్మ పిలుస్తా ఉండాది, యాడిదాకా రాసినావు? ఆ బొట్టు తుడిచింది నేనేనప్పా అని చెప్తాను.