అరుగు మీద మూడు తన్నులు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే తల ముందు రావాల్సింది, కాళ్ళు ముందొచ్చాయట. అలా పుట్టినవాళ్ళు తంతే పట్టేసిన నడుం వదులుతుందని మా గణపవరం వైపు గట్టి నమ్మకం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పొద్దున్నే ఎవరో ఒకరు మా అరుగు మీద బోర్లా పడుకునేవారు. "మెల్లిగా మూడు తన్నులమ్మా" అనేవారు. తన్నేదాన్ని. అమ్మ గుమ్మంలో నిలబడి మురిసిపోయేది.

ఇప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. కొల్లేరు నుంచి సీసాలు వస్తూనే ఉంటాయి, నేను మైక్రోస్కోపు మీద వంగి చూస్తూనే ఉంటాను. సాయంత్రానికి నడుం నాది కాదు. స్కూటీ దిగాలంటే ఏడుపొచ్చేది.

"ఎవరికీ చెప్పకే, నవ్విపోతారు" అంది అమ్మ. నవ్వరా మరి? ఎవరికీ తెలియకుండా తాడేపల్లిగూడెం వెళ్ళి ఫిజియోథెరపీ ఆవిడకి చూపించుకున్నాను. "గంటలకొద్దీ వంగి కూర్చోవడం వల్లేనండీ. అరగంటకోసారి లేవండి. అలాగని మంచం ఎక్కేయకండి, నడవండి. కాళ్ళు తిమ్మిరెక్కితే మాత్రం వెంటనే రండి" అని, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు గుండెకి లాక్కోవడం నేర్పింది. తన్నుల సంగతి ఆవిడకి చెప్పలేదు. సిగ్గేసింది.

నెలరోజులు చేశాక కాస్త తెరిపిచ్చింది. అంతలో ఓ ఆదివారం పక్కవీధి పెద్దాయన వచ్చి అరుగు మీద పడుకున్నారు. కాదంటే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. సరే అని ఒంటికాలి మీద నిలబడ్డానో లేదో, నడుం కలుక్కుమంది. ఆయన పక్కనే కూలబడ్డాను.

"అయ్యో, ఏమైందమ్మా?"

"నాకూ నడుం నొప్పేనండీ! ఎన్నాళ్ళనుంచో! నన్నెవరు తంతారండీ?" అని అరిచేశాను. పాపం, ఆయన నడుం పట్టుకుని లేచి వెళ్ళిపోయారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

అమ్మ తిడుతుందనుకున్నాను. నన్ను లేపడానికి వంగబోయి, సగంలో ఆగి గోడ పట్టుకుంది.

"నీకూ ఉందా? ఎప్పటినుంచే?"

"నువ్వు పుట్టినప్పటినుంచి."

"ఊరందరినీ తన్నించావు కదా, నువ్వొక్కసారీ అడగలేదేం?"

"కన్నతల్లిని తంతే నీకు పాపం చుట్టుకోదూ?"

ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. గోడ పట్టుకుని లేచి, లోపల చాప పరిచి పడుకోమన్నాను. అమ్మ మెల్లిగా ఒరిగింది. చీర సర్దుకుని, కళ్ళు మూసుకుని, బోర్లా పడుకుంది.


"అలా కాదమ్మా" అన్నాను. "వెల్లకిలా తిరుగు."